‘పుస్తకంలో అట్ల లేదు నాయనా!’

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీవాళ్ళు నాకు ఫోన్ చేసి, “నువ్వు నీటిపారుదల ఇంజనీరువి గదా, మన జిల్లా నీళ్ళ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడు” అన్నారు. నీళ్ళ గురించి ముప్పై ఏళ్ళుగా ఆఫీసులో మాట్లాడుతూనే ఉన్నాను. బడికి వచ్చి కూడా అదే మాట్లాడితే మా తెలుగు సారు ఆత్మ ఒప్పుకోదు. అందుకని ఒక సినిమా గురించి మాట్లాడతానన్నాను. ఫోన్‌లో అటువైపు కాసేపు మాట లేదు. చివరికి, “సరే, పాటలు మాత్రం పాడొద్దు” అన్నారు. పాడను. ఆ భయం ఎవరికీ వద్దు.

సినిమా పేరు ‘దేవదాసు’. 1953 జూన్‌లో వచ్చిన అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రిల దేవదాసు. ఇక్కడున్న సగం మంది దాన్ని టీవీలో చూసినవాళ్ళు, తక్కిన సగం మంది చూడకుండానే దాని మీద జోకులు వేసినవాళ్ళు. దాని మూలం శరత్‌చంద్ర చటోపాధ్యాయ రాసిన బెంగాలీ నవల. తెలుగువాళ్ళకు ఆ నవలను అందించినవాడు చక్రపాణి. ఈ ముగ్గురికీ, మన మదనపల్లెకూ, బండి తోలుకొని బతికిన మా నాయనకూ సంబంధం ఉంది. ఆ సంబంధం తెలుసుకోవడానికి నాకు ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది. ఆ కథే ఈరోజు చెప్పబోతున్నాను.

మాది పుంగనూరు పక్కన పల్లె. ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకున్నాను. 1983లో నేను తొమ్మిదో తరగతి. అప్పట్లో మన లైబ్రరీ అంటే స్టాఫ్ రూంలో రెండు చెక్క బీరువాలు. తాళం చెవి మా తెలుగు సారు జేబులో ఉండేది. లెక్కల్లో మంచి మార్కులు వచ్చినవాడికి ఆయన ఒక నవల బహుమతిగా చదవడానికి ఇచ్చేవాడు. లెక్కలకూ నవలకూ ఏం సంబంధమని అడిగితే, “తల ఒక పక్కకే ఒరగకుండా ఉండేదానికి” అనేవాడు.

అట్లా నా చేతికి వచ్చింది చక్రపాణి అనువాదం. అట్ట ఊడిపోయి, దారంతో కుట్టి ఉండింది. రెండు రాత్రుల్లో చదివేశాను. మూడో రాత్రి మళ్ళీ మొదలుపెట్టాను. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి తిరిగే పిల్లవాడు, వాడి వెనకే నడిచే పిల్ల, పెద్దయ్యాక వాడు గేలపు కర్రతో ఆ పిల్ల నుదుటి మీద కొట్టడం, ఆ మచ్చ. అర్ధరాత్రి ఆ అమ్మాయి పరువు పక్కన పెట్టి వాడి గదికి రావడం, వాడు అప్పుడు గట్టిగా నిలబడలేకపోవడం. పద్నాలుగేళ్ళ పిల్లవాడికి ప్రేమంటే ఏం తెలుస్తుంది? కానీ పిరికితనం తెలుస్తుంది. అవసరమైనప్పుడు నోరు పెగలకపోవడం తెలుస్తుంది. దేవదాసు నాకు తాగుబోతుగా కనపడలేదు. సమయానికి మాట చెప్పలేకపోయి, జీవితమంతా ఆ మాట వెనకాల తిరిగినవాడుగా కనపడ్డాడు. ఆ పుస్తకం నాది అనుకున్నాను.

ఆ మరుసటి వేసవి సెలవుల్లో ఇంటికి పోయాను. పుంగనూరు బయట డేరా హాల్లో పాత సినిమాలు వేస్తున్నారు. ఒకనాటి సాయంత్రం మా నాయన ఎద్దులకు గడ్డి వేసి, కాళ్ళు కడుక్కొని, చొక్కా మార్చుకొని వచ్చి, “దేవదాసు ఆడతా ఉందంట. పోదామా రా” అన్నాడు. మా నాయన నన్ను సినిమాకు పిలవడం అదే మొదలు. ఆయనకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీది ఊరి పేరు కూడబలుక్కొని చదవడం వచ్చు, అంతే. కానీ దేవదాసు పాటలన్నీ వచ్చు. బండి తోలేటప్పుడు సన్నగా పాడుకునేవాడు. కుర్రతనంలో ఆ సినిమా మదనపల్లెలో చూశానని, మూడు మార్లు చూశానని చెప్పేవాడు.

నేల టికెట్టు కాదు, ఆ రోజు బెంచీ టికెట్టు కొన్నాడు. ప్రింటు గీతలు పడిపోయి తెర మీద వాన కురుస్తున్నట్టుంది. ఒకే మిషను, రీలు మార్చినప్పుడల్లా లైట్లు వేసేవాళ్ళు. లైటు వెలిగినప్పుడల్లా మా నాయన పై పంచెతో మొహం తుడుచుకొనేవాడు. ఉక్కగా ఉందని అనుకున్నాను.

సినిమా అయిపోయింది. సైకిలు వెనక క్యారేజీ మీద కూర్చున్నాను. మూడు మైళ్ళు. ఊరు దాటక ముందే మొదలుపెట్టాను. “పుస్తకంలో అట్ల లేదు నాయనా. ఆ ఊరి పేరు రావులపల్లె కాదు, తాల్సోనాపూర్. స్నేహితుడి పేరు భగవాన్ కాదు, చున్నీలాల్. పుస్తకంలో దేవదాసు పాటలే పాడడు. తాగినోడు అంత బాగా ఎట్ల పాడతాడు నాయనా?” ఇట్లా ఒకటీ రెండూ కాదు. నాకు చాలా తెలుసని నాయనకు తెలియాలి. అదే నా యావ. ఆయన వీపు తప్ప నాకేమీ కనపడటం లేదు. పదకొండో తప్పో పన్నెండో తప్పో చెబుతుండగా ఆయన ఒక్క మాటన్నాడు. “పుస్తకం నేను చదవలేను గదరా అబ్బోడా.”

కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు అన్నాడు. తరవాత ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. ఆ తరవాత కూడా ఎప్పుడూ నన్ను సినిమాకు పిలవలేదు.

బడి తెరవగానే ఆ తప్పుల జాబితా నోటు పుస్తకం వెనక పేజీలో రాసుకొని సారుకు చూపించాను. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన మొత్తం చదివి, కళ్ళజోడు తీసి, “సినిమా చూస్తా ఉంటే నీకు ఏడుపొచ్చిందా?” అని అడిగాడు. “వచ్చింది సార్.” “ఎక్కడ?” “చివర్లో సార్. బండిలో పోయేటప్పుడు.” “మరి ఆ సంగతి నీ లెక్కలో యాడుందిరా?” అని నోటు పుస్తకం వెనక్కి ఇచ్చేశాడు. అప్పుడు అర్థం కాలేదు. ఆయన నన్ను తిట్టాడో, పొగిడాడో కూడా తెలియలేదు.

మిత్రులారా, ఇప్పుడు అదే సినిమా గురించి, కొంచెం వయసొచ్చిన కళ్ళతో రెండు మాటలు చెప్తాను.

వినోదా సంస్థ తరపున డి.ఎల్. నారాయణ నిర్మించాడు. వేదాంతం రాఘవయ్య దర్శకుడు. పాటలు సముద్రాల రాఘవాచార్య, సంగీతం సి.ఆర్. సుబ్బరామన్. ఆ సుబ్బరామన్ సినిమా విడుదల కాకముందే, 1952లోనే, ముప్పై ఏళ్ళు నిండకుండానే చనిపోయాడు. తన పాటలు జనం నోట వినే అదృష్టం ఆయనకు లేకపోయింది. నాగేశ్వరరావు అప్పటికి ముప్పై నిండనివాడు, ‘బాలరాజు’, ‘కీలుగుర్రం’ లాంటి జానపద చిత్రాలతో పేరు తెచ్చుకున్నవాడు. సావిత్రికి ఇరవై నిండలేదు. చంద్రముఖిగా వేసిన లలిత, మనకు తెలిసిన తిరువాన్కూరు అక్కచెల్లెళ్ళలో పెద్దామె. దేవదాసు తండ్రి జమీందారుగా ఎస్.వి. రంగారావు. ఎవరి వయసూ పెద్దది కాదు, ఎవరి పనీ చిన్నది కాదు.

నవలకూ సినిమాకూ తేడాలున్నాయి. లేవని నేననను. నా జాబితాలో చాలావరకు నిజమే. కానీ అప్పుడు నేను చూడనిది ఒకటుంది. నవల చివరిలో కథ ఆగిపోయి రచయితే ముందుకు వస్తాడు. ఈ దురదృష్టవంతుడి కోసం కాస్త జాలిపడమని, చివరి క్షణంలో ఆత్మీయమైన చెయ్యి ఒకటి తగలకుండా పోయే గతి ఎవరికీ రాకూడదని పాఠకుణ్ణి వేడుకుంటాడు. కథ చెప్పేవాడు మన చెవి దగ్గర కూర్చొని మాట్లాడతాడు. నవలకు ఆ వీలుంది. సినిమాలో ఆ గొంతు ఎక్కడి నుంచి వస్తుంది? తెర మీదికి రచయిత రాలేడు. వేదాంతం రాఘవయ్య బృందం ఆ పని పాటకు అప్పజెప్పింది. సినిమాలో ఘంటసాల గొంతు దేవదాసు గొంతు మాత్రమే కాదు, శరత్‌బాబు గొంతు కూడా. ‘పుస్తకంలో దేవదాసు పాడడు’ అని నేను తప్పు పట్టింది సరిగ్గా దాన్నే. పుస్తకంలో దేవదాసు పాడడు, నిజమే. పుస్తకంలో పాడింది రచయిత.

తాల్సోనాపూర్ రావులపల్లె ఎందుకైంది అంటే, మా నాయన లాంటివాళ్ళు ఆ ఊరు తమ పక్క ఊరే అనుకునేందుకు. అనుకున్నారు కూడా. మా నాయన చాలాకాలం రావులపల్లె గుంటూరు పక్క ఉంటుందని నమ్మేవాడు.

దేవదాసును అంతకుముందే ఎందరో తీశారు. 1928లో మూకీ, 1935లో బెంగాలీలో ప్రమథేశ్ బారువా, ఆ మరుసటి ఏడాది హిందీలో సైగల్. మన సినిమా తరవాత 1955లో బిమల్ రాయ్ తీసిన దిలీప్ కుమార్ సినిమా, 1974లో విజయనిర్మల తీసిన కృష్ణ సినిమా, 2002లో షారుఖ్ ఖాన్ సినిమా. ఒక్కొక్కరూ ఒక్కొక్క దేవదాసును చూపించారు. శరత్‌బాబు మాత్రం ఈ నవలను కుర్రతనంలో రాసి, చాలా ఏళ్ళు అచ్చు వేయడానికే ఇష్టపడలేదు. పుస్తకంగా వచ్చింది 1917లో. రాసినవాడికే నచ్చని పుస్తకాన్ని దేశమంతా గుండెలకు హత్తుకుంది.

ఇక కుప్పం సంగతి. 2016లో హంద్రీ–నీవా కాలువ పనుల మీద నన్ను కుప్పానికి వేశారు. కుప్పం మీకు తెలుసు. ఒక పక్క తమిళనాడు, ఒక పక్క కర్ణాటక. సంతలో ఒకే బేరం మూడు భాషల్లో జరుగుతుంది. నేను అద్దెకున్న ఇంటి పెద్దామె తమిళం ఆమె. డెబ్బై అయిదేళ్ళు దాటాయి. సాయంత్రం కాఫీ ఇచ్చి కబుర్లు చెప్పేది. ఒకనాడు టీవీలో దేవదాసు పాట వస్తుంటే, “ఇది మా సినిమా సార్. మీవాళ్ళు తెలుగులో కూడా తీసుకున్నారంట గదా?” అంది.

నేను నవ్వాను. “అమ్మా, అది తెలుగు సినిమా. తమిళంలో తరవాత వచ్చింది” అన్నాను. నిజానికి రెంటినీ ఒకేసారి తీశారు. తెలుగుది జూన్‌లో వస్తే తమిళానిది సెప్టెంబరులో వచ్చింది. అదే నాగేశ్వరరావు, అదే సావిత్రి, పాటలు అదే ఘంటసాల. ఆమె ఒప్పుకోలేదు. “మేము చిన్నప్పుడు చూసినాము సార్. సావిత్రి తమిళమే మాట్లాడింది. నా చెవులతో విన్నా” అంది. ఆమె చెవుల్తో విన్నదాన్ని నేనెట్లా కాదంటాను?

అదే పనుల మీద పంపుల కంపెనీ తరపున వచ్చిన ఒక బెంగాలీ ఇంజనీరు మా సైటులో ఉండేవాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ మాట చెప్పాను. అతను, “మీ ఇద్దరిదీ కాదు, అసలుది మా బారువాది” అన్నాడు. కాసేపాగి, “సినిమాలు కాదు, పుస్తకమే అసలుది. బెంగాలీలో చదవకపోతే చదవనట్టే” అన్నాడు. అచ్చం నేను సైకిలు వెనక కూర్చొని మాట్లాడిన మాట. మొహం మీద కొట్టినట్టయింది.

‘నేను పుస్తకం చదివాను’ అని ముప్పై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాను గదా, నేను చదివింది ఏ పుస్తకం? శరత్ రాసిన ఒక్క అక్షరం కూడా నేను చదవలేదు. నేను చదివింది చక్రపాణి తెలుగు. ఆ రాత్రి గదికి పోయి, చక్రపాణి ఎవరు, బెంగాలీ ఎట్లా వచ్చింది ఆయనకు, అని వెతకడం మొదలుపెట్టాను. విజయా వారి చక్రపాణి అని తెలుసు. ‘పాతాళ భైరవి’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ తీసిన నాగిరెడ్డి–చక్రపాణి అని తెలుసు. 1947లో ‘చందమామ’ పెట్టినవాళ్ళని తెలుసు. అంతకుమించి తెలియదు.

చదివిన సంగతి మీతో చెబితే ఇక్కడున్న వాళ్ళలో కొందరైనా నాలాగే కుర్చీలో నిటారుగా కూర్చుంటారు. చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. తెనాలి దగ్గర ఐతానగరం. 1932లో ఆయనకు క్షయ వచ్చింది. వైద్యం కోసం వచ్చింది ఎక్కడికి? మన మదనపల్లె శానిటోరియానికి. మన ఆరోగ్యవరానికి! అక్కడ మంచం మీద ఉన్న రోజుల్లో ఒక సాటి రోగి దగ్గర బెంగాలీ నేర్చుకున్నాడు. ఆ బెంగాలీతో శరత్ నవలలు తెలుగులోకి తెచ్చాడు.

మనం హాస్టల్లో ఆదివారాలు నడుచుకుంటూ పోయిన ఆరోగ్యవరం, ఆ చెట్ల కింద కూర్చొని పుల్ల ఐస్ తిన్న ఆరోగ్యవరం. డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమాట్ మోలర్ అనే డాక్టరు నిలబెట్టిన ఆసుపత్రి అని, 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా పని మొదలైన చోట్లలో ఒకటని మాత్రమే మాకు చెప్పారు. మందులేని రోజుల్లో, బతుకుతామో లేదో తెలియని ఇద్దరు మనుషులు పక్క పక్క మంచాల మీద కూర్చొని ఒకడు ఇంకొకడికి అక్షరాలు నేర్పిన చోటని ఎవరూ చెప్పలేదు. అంతెందుకు, 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి బిసెంట్ కాలేజీలో ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చుకున్నది కూడా మన ఊళ్ళోనే. ఒక భాషలోది ఇంకో భాషలోకి తీసుకుపోవడం మదనపల్లెకు కొత్త కాదు.

నేను ‘అసలు’ అని పట్టుకొని కూర్చున్నది ఒక రోగి ఇంకో రోగి దగ్గర నేర్చుకొని మనకోసం మోసుకొచ్చినది. సినిమావాళ్ళు చేసిందీ అదే పని. ఇంకొక చేతికి అందించారు. ఆ చేతుల్లో ఒకటి మా నాయనది.

మా కాలువ పనిలో ఒక లెక్క ఉంటుంది. శ్రీశైలం దగ్గర ఎత్తిన కృష్ణ నీళ్ళు ఎన్నో పంపులు ఎక్కి, అనంతపురం దాటి, మదనపల్లె మీదుగా పుంగనూరు, అక్కడి నుంచి కుప్పం చెరువులకు రావాలి. దారిలో కొన్ని ఇంకిపోతాయి, కొన్ని ఆవిరైపోతాయి. అది మేము నష్టాల పట్టీలో రాస్తాం, రాయాలి కూడా. కానీ చెరువులో నీళ్ళు పడిన రోజు ఏ రైతూ వచ్చి నష్టాల పట్టీ చూపించమనడు. దోసిలితో తీసుకొని నెత్తిన చల్లుకుంటాడు. పద్నాలుగేళ్ళప్పుడు నేను మా నాయనకు చదివి వినిపించింది నష్టాల పట్టీ. ఆయన నీళ్ళు నెత్తిన చల్లుకుంటుంటే, పక్కన నిలబడి.

ఆ శనివారమే బయల్దేరాను. కుప్పం నుంచి పలమనేరు, పలమనేరు నుంచి పుంగనూరు. నాయనకు అప్పటికి ఎనభై దాటాయి. చూపు మందగించింది, చెవులు బాగున్నాయి. వసారాలో మంచం మీద కూర్చొని ఉన్నాడు. చక్రపాణి సంగతి చెప్పాను. “దేవదాసు పుస్తకాన్ని తెలుగులో రాసినాయన మన ఆరోగ్యవరంలో ఉన్నాడంట నాయనా, టీబీ వచ్చి” అన్నాను.

ఆయన ఆశ్చర్యపడలేదు. “అట్లనా” అన్నాడు. కాసేపటికి, “మీ జేజినాయన, నేను ఆరోగ్యవరానికి బండి తోలేవాళ్ళం, నీకు తెలీదేమో” అన్నాడు.

నాకు తెలియదు. ఆయన బండి తోలతాడని తెలుసు. వేరుశనక్కాయలు, బెల్లం, ఎరువులు తోలేవాడని తెలుసు. తన పదిహేనో ఏట నుంచి నాలుగైదేళ్ళు, అంటే 1950ల మొదట్లో, రైలు దిగి వచ్చిన రోగుల్ని శానిటోరియానికి చేర్చేవాడని ఆ రోజే విన్నాను. పుంగనూరు ఆవులు పొట్టివి గదా, బండికి పనికిరావు, హళ్ళికారు ఎద్దులుండేవట. రోగం అంటుకుంటుందని చాలామంది ఆ కిరాయి ఒప్పుకునేవాళ్ళు కాదట. జేజినాయన ఒప్పుకునేవాడట. బండిలో వరిగడ్డి మందంగా పరిచి, పైన దుప్పటి వేసి, మలుపుల దగ్గర ఎద్దుల్ని పట్టి మెల్లగా నడిపించేవాళ్ళట.

“అందరూ ఒకటే అడుగుతారు రా. ఇంకెంత దూరం, ఇంకెంత దూరం అని. దగ్గరికొచ్చేసినాం అయ్యా అని చెప్తా ఉంటాం. దగ్గరికి రాకపోయినా అట్లనే చెప్పల్ల” అన్నాడు.

మిత్రులారా, మీలో నవల చదివినవాళ్ళకు గుర్తుంటుంది. చివర్లో జబ్బుతో ఉన్న దేవదాసు రైలు దిగి ఎడ్ల బండి కట్టించుకొని పార్వతి ఊరికి పోతాడు. దారి తరగదు. ఇంకెంత దూరమని అడుగుతూనే ఉంటాడు. 1984లో డేరా హాల్లో మా నాయన పై పంచెతో తుడుచుకున్నది చెమట కాదు. ఆ బండిని ఆయన తోలి ఉన్నాడు. నేను వెనక కూర్చొని ఊరి పేరు తప్పని చెబుతున్నాను.

మరుసటి రోజు ఆదివారం. లాప్‌టాప్‌లో దేవదాసు పెట్టాను. ఆయన తెరకు బాగా దగ్గరగా కుర్చీ వేసుకున్నాడు. మూడు గంటలు. నేను నోరు తెరవలేదు. ఇది నా జీవితంలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. ఆయన మాత్రం మాట్లాడుతూనే ఉన్నాడు. “ఇప్పుడు చూడు, రంగారావు వస్తాడు.” “ఈ పిల్ల ఎంత పొగరుగా చూస్తాదో చూడు.” నేను చూశాను. నిజంగా మొదటిసారి చూశాను. పార్వతి రాత్రిపూట దేవదాసు గదికి వచ్చినప్పుడు సావిత్రి కళ్ళలో భయం కంటే ధైర్యం ఎక్కువగా ఉంటుంది. పుస్తకంలో నేను ఆ ఘట్టం చదివినప్పుడు దేవదాసు పిరికితనాన్నే చూశాను. పార్వతి ధైర్యాన్ని నాకు చూపించింది సావిత్రి. పుస్తకాన్ని ఎక్కువగా ప్రేమించినవాడికి పుస్తకంలోనే కనపడనిదాన్ని సినిమా చూపించగలదని ఆ రోజు ఒప్పుకున్నాను.

చివరికి బండి వచ్చింది. ఆయన మాట్లాడటం ఆపేశాడు. అయిపోయాక చాలాసేపు కూర్చొని, “అబ్బోడా, పుస్తకంలో ఆ బండాయన పేరు ఉందా?” అని అడిగాడు.

నాకు గుర్తున్నంతలో వెతుక్కున్నాను. “లేదు నాయనా. బండివాడు అనే ఉంది” అన్నాను.

“పోనీలే. దీంట్లో మనిషినన్నా చూపించినారు గదా” అన్నాడు.

జేజినాయన 1932లో బండి తోలుతూనే ఉన్నాడు. తెనాలి నుంచి వచ్చిన ఒక యువకుణ్ణి ఆయనే ఎక్కించుకొని పోయి ఉంటాడా అని మీకు ఇప్పుడు అనిపిస్తుంటుంది. నాకూ అనిపించింది. కానీ నేను ఇంజనీరును, కొలత లేని మాట చెప్పను. ఎవరో ఒకరు తీసుకుపోయి ఉంటారు. ఆయన పేరు కూడా ఎక్కడా లేదు.

మా నాయన 2019లో పోయాడు. ఆ రెండు మూడేళ్ళలో మేము కలిసి చాలా సినిమాలు చూశాం. ‘మిస్సమ్మ’ చూసినప్పుడు, ఇది కూడా ఒక బెంగాలీ నాటకం నుంచి వచ్చిందే, తెచ్చింది మళ్ళీ మన చక్రపాణే అని చెప్పాను. “ఆరోగ్యవరం నీళ్ళు బాగా పనిచేసినట్టుండాయే” అన్నాడు. ఒక సెలవుల్లో ఆయనకు దేవదాసు పుస్తకం కూడా చదివి వినిపించాను. పూర్తిగా విన్నాడు. అయిపోయాక, “బాగుంది. పాటలు లేవంతే” అన్నాడు. సినిమాలో అట్ల లేదని మాత్రం అనలేదు. ఆయన నాకంటే పెద్దమనిషి.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. నవలను ప్రేమించినవాళ్ళకు సినిమా మీద కోపం సహజం. తేడాలు చూడండి, మాట్లాడండి, పోట్లాడండి. పోట్లాడటంలో ఆనందం ఉంది. కానీ పక్కన కూర్చొని చూస్తున్న మనిషి ఏ దారిన ఆ కథ దగ్గరికి వచ్చాడో తెలుసుకోకముందే పోట్లాట మొదలుపెట్టొద్దు. చదివి వచ్చినవాడూ, విని వచ్చినవాడూ, బండి తోలి వచ్చినవాడూ ఒకే బెంచీ మీద కూర్చునే చోటు సినిమా హాలు. అట్లాంటి చోటు మనకు ఇంకొకటి లేదు.

కమిటీకి ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధిలో నా వంతు ఇప్పటికే ఇచ్చాను. దాంతో లైబ్రరీకి ఒక బీరువా కొనండి, తాళం వద్దు. అందులో చక్రపాణి అనువాదాలు పెడదాం. నెలకొకసారి ఈ హాల్లో ఒక నవలా, దాని సినిమా. ముందు పుస్తకంలో నాలుగు పేజీలు ఎవరైనా చదవాలి, తరవాత సినిమా, ఆపైన గొడవ. పిల్లలు వాళ్ళ అమ్మానాన్నలను, అవ్వాతాతలను తీసుకొని రావాలి. చదవడం రానివాళ్ళకు ముందు వరస.

నాకు తెలుగు చెప్పిన సారు ఈరోజు మన మధ్య లేరు. ఉంటే ఆ నోటు పుస్తకం వెనక పేజీ మళ్ళీ చూపించి, “సార్, ఆ సంగతి ఇప్పుడు చేర్చుకున్నాను” అని చెప్పేవాణ్ణి. ఆయన సహోద్యోగులు ఇక్కడ ముందు వరసలో ఉన్నారు. వారికి చెప్తే ఆయనకు చెప్పినట్టే.

 పాట పాడకుండా ముగిస్తున్నాను. సెలవు. నమస్కారం.